'మాట్లాడతాను' అంటే రేపా, రోజూనా?

ప్రశ్న: మాది బత్తలపల్లి దగ్గర చిన్న పల్లె. నేను బడికి వెళ్ళే రోజుల్లో స్పెయిన్ నుంచి ఒకావిడ నా చదువుకు సాయం చేసేవారు. నేను తెలుగులో రాసిన ఉత్తరాలను ఎవరో స్పానిష్‌లోకి మార్చి ఆమెకు పంపేవారు. ఇప్పుడు డిగ్రీ పూర్తయింది. అనంతపురంలో గది తీసుకుని స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఈసారి మధ్యలో ఎవరూ లేకుండా నా చేత్తో ఆమెకు ఉత్తరం రాయాలని కోరిక. పోయిన వారం భవిష్యత్ కాలం పాఠం అయింది. ప్రత్యయాలన్నీ ఒక్క పూటలో నోటికి వచ్చేశాయి. ఆ ధైర్యంతో ఏడు వాక్యాలు రాసి చూపిస్తే మా మాస్టారు ఐదింటిని కొట్టేశారు. 'రోజూ సాయంత్రం మా అవ్వతో ఫోనులో మాట్లాడతాను' అనడానికి 'అబ్లరే' అని రాశాను. రూపం సరైనదేనట, కాలం తప్పట. ఎందుకో అడిగేలోపు క్లాసు అయిపోయింది. నేను ఎక్కడ పొరపడుతున్నాను? ఏడు వాక్యాలూ ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను.
— అనంతపురం నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

మీ ఏడు వాక్యాలనూ ఒకటికి రెండుసార్లు చదివాను. మీ మాస్టారు కొట్టేసిన ఐదింటిలో ఒక్కటి కూడా పాఠం చదవక రాసినది కాదు. ప్రత్యయాలు కుదిరాయి, పదాల వరుస కుదిరింది. వాటిలో మూడు తప్పులు తెలుగులో ఆలోచించేవాళ్ళు చేసేవి. ఒక ఇటలీ అమ్మాయి ఇదే పాఠం నేర్చుకుంటే 'రోజూ మాట్లాడతాను' దగ్గర తడబడదు. మనం తడబడతాం. కారణం స్పానిష్‌లో లేదు, మన 'తాను'లో ఉంది.

ఈ రెండు వాక్యాలను పైకి చదవండి. 'రేపు అవ్వతో మాట్లాడతాను.' 'రోజూ అవ్వతో మాట్లాడతాను.' క్రియలో ఒక్క అక్షరం మారలేదు. మొదటిది ఇంకా జరగని పని. రెండోది నిన్నా జరిగింది, మొన్నా జరిగింది, రేపూ జరిగే అలవాటు. పక్కన ఉన్న 'రేపు', 'రోజూ' అనే మాటలే అర్థాన్ని తేలుస్తున్నాయి. అందువల్ల తెలుగులో మనకు ఏ ఇబ్బందీ కలగదు, అసలు ఇక్కడ రెండు అర్థాలున్నాయన్న స్పృహే ఉండదు.

బడిలో చదివిన వ్యాకరణం గుర్తుచేసుకోండి. భూత, వర్తమాన, భవిష్యత్ కాలాల తరవాత 'తద్ధర్మం' అని నాలుగోది ఒకటి చెప్పేవారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, పక్షులు ఎగురుతాయి అన్నవి దానికి ఉదాహరణలు. స్వభావాన్ని, అలవాటును, ఎప్పుడూ జరిగేదాన్ని తెలిపే క్రియ అది. మార్కుల కోసం బట్టీపట్టి మరచిపోయిన ఆ మాటే ఇప్పుడు మీకు అక్కరకు వస్తుంది. గ్రాంథికంలో ఈ రెంటికీ వేర్వేరు రూపాలుండేవి: జరగబోయేదానికి 'చేసెదను', అలవాటుకు 'చేయుదును'. వాడుక భాషలో రెండు బరువులనూ 'చేస్తాను' ఒక్కటే మోస్తోంది. స్పానిష్‌లో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయి. తద్ధర్మం వర్తమాన రూపంలోకి వెళ్తుంది, ఇంకా జరగనిది మాత్రమే భవిష్యత్ రూపంలోకి వస్తుంది.

ఇక్కడ స్పానిష్ మాటలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. నొక్కి పలకవలసిన చోట దీర్ఘం ఉంటుంది, మిగతావన్నీ హ్రస్వాలుగా చదవండి. హెచ్ అక్షరాన్ని స్పానిష్‌లో పలకరు, 'వి'ని కూడా 'బ'గానే పలుకుతారు. ఇవి మీకు తెలిసినవే. ఈ శీర్షిక చదివే మిగతావారి కోసం చెబుతున్నాను.

మీ మొదటి వాక్యం ఇలా ఉండాలి: 'తోదస్ లస్ తార్దెస్ ఆబ్లొ కొన్ మి అబువేల.' అబ్లరే కాదు, ఆబ్లొ. రెండో వాక్యంలో 'మా నాన్న వేరుశనగ పండిస్తారు' అనడానికి 'కుల్తిబరా' అని రాశారు. అది చదివిన స్పెయిన్ ఆవిడ మీ నాన్న ఇంతవరకు వేరుశనగ ముఖం చూడలేదని, ఇకమీదట మొదలుపెడతారని అనుకుంటారు. తరతరాలుగా చేస్తున్న సేద్యానికి 'కుల్తీబ' అనే వర్తమానమే తగినది: 'మి పాద్రె కుల్తీబ కకవేతెస్.' (వేరుశనగ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికా. 'కకవేతె' అనే మాట మెక్సికోలోని నావాతల్ భాష నుంచి స్పానిష్‌లోకి వచ్చింది. దక్షిణ అమెరికాలో చాలాచోట్ల దాన్ని 'మనీ' అంటారు. మన మెట్టచేలలో పండే గింజకు స్పానిష్‌లో ఇన్ని పేర్లుండటం నాకు ఎప్పుడూ సంతోషం కలిగిస్తుంది.)

మూడోది 'మా అమ్మ మాంసం తినదు'. ఇది ఇంకా లోతైన గోతి, ఎందుకంటే మన వ్యతిరేక రూపంలోనూ ఇదే కలగలుపు ఉంది. 'తినదు' అంటే అలవాటు లేదనీ కావచ్చు, రేపటి పెళ్ళిలో తినబోదనీ కావచ్చు. మీరు 'నొ కొమెరా' అని రాశారు. అది ఏదో ఒక రోజుకు చెప్పిన మాట అవుతుంది. అమ్మ నియమాన్ని చెప్పాలంటే 'మి మాద్రె నొ కోమె కార్నె'.

కాబట్టి స్పానిష్‌లో వాక్యం రాసేముందు తెలుగు వాక్యంలోనే ఒక పరీక్ష పెట్టుకోండి. క్రియ ముందు 'రోజూ' అనో 'ఎప్పుడూ' అనో చేర్చి చూడండి. అర్థం చెడకుండా ఇమిడిపోతే అది తద్ధర్మం, వర్తమానం రాయండి. 'రేపు', 'వచ్చే ఏడాది', 'ఇకమీదట' అన్నవి మాత్రమే ఇమిడితే భవిష్యత్తు రాయండి. నెల రోజులు ఈ పరీక్ష చేస్తే తరవాత చేయి దానంతట అదే సరైన రూపం రాస్తుంది.

ఇక ప్రత్యయాల సంగతి. అవి మీకు నోటికి వచ్చినా, ఎక్కడినుంచి వచ్చాయో తెలిస్తే పరీక్ష హాల్లోనూ మరచిపోరు. మీరు ఉత్తరం రాయబోతున్నారు కాబట్టి 'ఎస్క్రిబీర్' అనే క్రియనే తీసుకుందాం. రాస్తాను 'ఎస్క్రిబిరే', రాస్తావు 'ఎస్క్రిబిరాస్', రాస్తాడు లేదా రాస్తుంది 'ఎస్క్రిబిరా', రాస్తాం 'ఎస్క్రిబిరేమొస్', మీరంతా రాస్తారు 'ఎస్క్రిబిరేయిస్', వాళ్ళు రాస్తారు 'ఎస్క్రిబిరాన్'. అబ్లార్, కొమేర్ వర్గాల క్రియలకు కూడా ఇవే తోకలు. వర్తమానంలో మూడు వర్గాలకు మూడు పట్టికలు నేర్చుకున్నారు కదా, ఇక్కడ ఒక్కటే చాలు.

ఈ తోకలు, ఒకప్పుడు 'కలిగి ఉండటం' అనే అర్థమున్న 'అబేర్' అనే క్రియ వర్తమాన రూపాలే. ఏ, ఆస్, ఆ, ఏమొస్, అబేయిస్, ఆన్ అని వాటిని వరసగా అనండి. అబేయిస్‌లో ముందున్న 'అబ్' ఒక్కటి రాలిపోయింది, అంతే. లాటిన్ మాట్లాడే జనం 'పాడవలసి ఉంది' అనే అర్థంలో 'పాడటం' అన్న మాట పక్కన 'కలిగి ఉన్నాను' అన్న మాట చేర్చి వాడుతూ వాడుతూ ఉంటే, కాలక్రమంలో రెండూ అతుక్కుపోయి ఒకే క్రియ అయ్యాయి. మనకు ఇది వింత కాదు. 'రాయవలెను' అన్నది నలిగి నలిగి 'రాయాలి' అయిన దారి ఇదే. పాత స్పానిష్‌లో ఆ అతుకు ఇంకా గట్టిపడని రోజుల్లో రెండు ముక్కల మధ్య 'నీకు', 'అతనికి' లాంటి సర్వనామం కూడా దూరేది.

ఈ చరిత్ర తెలిస్తే ఒక పెద్ద పొరపాటు తప్పుతుంది. తోక అతుక్కునేది మొత్తం మూలరూపానికి. వర్తమానంలో 'అబ్లార్' చివరి 'ఆర్'ను కోసేసి ప్రత్యయం చేర్చడం అలవాటైన చేయి ఇక్కడ కూడా కోసేస్తుంది. అప్పుడు 'అబ్లరే' కాస్తా 'అబ్లే' అవుతుంది. 'అబ్లే' అంటే 'మాట్లాడాను'. ఒక్క 'ర' పోతే రేపు కాస్తా నిన్న అయిపోతుంది.

మీ వాక్యాల్లో రెండుచోట్ల అచ్చు మీద వాలుగీత పెట్టలేదు. మీ మాస్టారు దాన్ని దిద్దలేదు, నేను మాత్రం వదలను. స్పానిష్ మాట అచ్చుతో గానీ, 'న్'తో గానీ, 'స్'తో గానీ ముగిస్తే మామూలుగా చివరినుంచి రెండో అక్షరాన్ని నొక్కి పలకాలి. భవిష్యత్ కాలంలో ఒత్తిడి చివరి అక్షరం మీదికి పోతుంది. అది మామూలు పద్ధతి కాదు కనుక గీత గీసి చూపిస్తారు. 'ఎస్క్రిబిరేమొస్'లో మాత్రం ఒత్తిడి చివరినుంచి రెండో అక్షరం మీదే ఉంది, అందుకే ఆ ఒక్క రూపానికి గీత అక్కర్లేదు. గీత లేకపోతే ఏమవుతుంది? 'అబ్లరా' అంటే మాట్లాడతాడు. గీత తీసేస్తే అది 'అబ్లార' అని చదవవలసిన వేరే క్రియారూపం అవుతుంది, 'మాట్లాడితే బాగుండు' లాంటి ఊహలకు వాడేది. హ్రస్వదీర్ఘాలు మారితే మాటే మారిపోయే భాష మనది. 'పలక', 'పాలక' ఒకటి కావని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ గీతను దీర్ఘంలాగే చూడండి. ఫోనులో స్పానిష్ కీబోర్డు చేర్చుకుని అచ్చు అక్షరాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే గీత ఉన్న అక్షరం వస్తుంది.

ఒక ఊరట కూడా ఉంది. వర్తమానంలో మిమ్మల్ని ఏడిపించిన క్రియలు భవిష్యత్తులో సాధువులు. విత్తడానికి 'సెంబ్రార్' అనే క్రియ వర్తమానంలో నడుమ మారి 'సియేంబ్ర' అవుతుంది, భవిష్యత్తులో తిన్నగా 'సెంబ్రరా'. వాన పడటానికి 'యొబేర్' వర్తమానంలో 'యువేబె', భవిష్యత్తులో 'యొబెరా'. వర్తమానంలో గుర్తుపట్టలేనంతగా మారిపోయే 'సేర్' (అయి ఉండటం), 'ఈర్' (వెళ్ళడం) కూడా ఇక్కడ 'సెరే', 'ఇరే' అని బుద్ధిగా నడుస్తాయి. దారి తప్పేవి పన్నెండే, వాటి నుంచి పుట్టిన క్రియలు చాలావరకు వాటి వెంటే పోతాయి. తోకలు వాటికీ ఇవే, మొదలు మాత్రమే మారుతుంది: తెంద్రే, పొంద్రే, సల్ద్రే, బెంద్రే, బల్ద్రే, పొద్రే, సబ్రే, అబ్రే, కబ్రే, కెర్రే, అరే, దిరే. వారం రోజులు పళ్ళు తోముకుంటూ అనుకోండి, వచ్చేస్తాయి.

ఇప్పుడు కొట్టేసిన మిగతా రెండు వాక్యాలు. ఇక్కడ మీరు తప్పింది తెలుగువల్ల కాదు, తెలుగును పక్కనపెట్టి పాఠాన్ని ఇంగ్లీషు మీదుగా చదువుకున్నందువల్ల. మీ నోట్సులో అర్థాలన్నీ ఇంగ్లీషులో రాసుకున్నట్టు మీ ఉత్తరమే చెబుతోంది.

'మీరు అనంతపురం వచ్చినప్పుడు మీకు లేపాక్షి చూపిస్తాను.' దీనికి 'కువాందొ ఉస్తేద్ బెంద్రా' అని మొదలుపెట్టారు. 'ఆవిడ రావడం ముందుముందు జరిగేది కదా, అందుకే భవిష్యత్తు' అని అనుకుని ఉంటారు. మీ తెలుగు వాక్యాన్నే చూడండి. 'చూపిస్తాను' అన్నారు గానీ 'వస్తారు అప్పుడు' అనలేదు, 'వచ్చినప్పుడు' అన్నారు. ఇంకా జరగనిదాన్ని ఆధారంగా పెట్టుకుని మరో మాట చెబుతున్నప్పుడు ఆ ఆధారాన్ని మన భాష భవిష్యత్తులో పెట్టదు. స్పానిష్ కూడా పెట్టదు. అక్కడ ఊహను తెలిపే వేరే రూపం వస్తుంది: 'కువాందొ ఉస్తేద్ బేంగ అ అనంతపూర్, లె ఎన్సెన్యరే లేపాక్షి.' ఆ రూపాల పాఠం మీకు ఇంకా రాలేదేమో. అంతవరకు 'కువాందొ బేంగ' అన్నదాన్ని ఒకే ముద్దగా గుర్తుపెట్టుకోండి.

అదే 'ఎప్పుడు వస్తారు?' అని అడగాలంటే 'కువాందొ బెంద్రా?' అన్నది నిక్షేపంగా సరైనది. ఇంగ్లీషులో రెండుచోట్లా ఒకే మాట ఉంటుంది, అందుకే గందరగోళం. తెలుగులో 'ఎప్పుడు' వేరు, 'వచ్చినప్పుడు' వేరు. 'ఎప్పుడు' అని ప్రశ్న వేస్తే భవిష్యత్తు వస్తుంది. '-నప్పుడు' అని ముడి వేస్తే రాదు.

'వాన పడితే నాన్న విత్తనం వేస్తారు' కూడా ఇలాంటిదే. మీరు 'సి యొబెరా' అన్నారు. 'పడితే' అన్నచోట స్పానిష్ వర్తమానాన్నే వాడుతుంది: 'సి యువేబె, మి పాద్రె సెంబ్రరా.' కానీ 'వాన పడుతుందో లేదో తెలియదు' అనాలంటే 'నొ సే సి యొబెరా' అనవచ్చు. స్పానిష్ 'సి' రెండుచోట్లా ఒక్కటే, మన '-తే', '-తుందో' వేర్వేరు. 'పడితే' అనిపిస్తే భవిష్యత్తు వద్దు. 'పడుతుందో' అనిపిస్తే భవిష్యత్తు రానివ్వండి. జూన్ నెలలో మబ్బువైపు చూసే ఇంట్లో పెరిగిన మీకు ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో వేరే చెప్పాలా?

మీరు నేరుగా అడగకపోయినా ఉత్తరానికి పనికొచ్చేది ఇంకొకటి ఉంది. మాట్లాడేటప్పుడు స్పెయిన్‌వాళ్ళు, లాటిన్ అమెరికావాళ్ళు ఈ రూపంకన్నా 'వెళ్ళు' అనే క్రియతో చెప్పే పద్ధతిని చాలా ఎక్కువగా వాడతారు: 'బోయ్ అ ఎస్క్రిబీర్'. పుస్తకాలు దీన్ని కొత్త విషయంలా చెబుతాయి గానీ మన ఇంట్లో ఉన్నదే. 'రాయబోతున్నాను' అంటాం. ఆ 'బోతున్నాను' ఎవరనుకున్నారు? 'పోతున్నాను'. 'రాయ' తరవాత 'పో' మెత్తబడి 'బో' అయింది. వాళ్ళ 'బోయ్'కీ మన 'బోతున్నాను'కూ చుట్టరికం లేదు, కానీ రెండు భాషలూ జరగబోయే పనివైపు నడిచి వెళ్తున్నట్టే ఊహించాయి. అందుకని తెలుగులో 'బోతున్నాను' అనిపించినచోట ధైర్యంగా 'బోయ్ అ' వాడండి. మబ్బులు కమ్ముకోవడం చూసి 'వాన పడబోతోంది' అంటే 'బా అ యొబేర్'. 'బామొస్ అ కొమేర్' అంటే మాత్రం సందర్భాన్నిబట్టి 'తినబోతున్నాం' అనీ, 'తిందాం పదండి' అనీ రెండర్థాలు వస్తాయి.

మరి ఉత్తరంలో ఏది రాయాలి? నా అభిప్రాయం అడిగితే, ఏర్పాట్లు జరిగిపోయిన పనికి 'బోయ్ అ', మాట ఇస్తున్నచోట అసలైన భవిష్యత్ రూపం. 'వచ్చే నెల ఉద్యోగ పరీక్ష రాయబోతున్నాను' అనడానికి మొదటిది. 'మీకు మళ్ళీ రాస్తాను' అనడానికి 'లె ఎస్క్రిబిరే'. ఆ రూపానికి ఉత్తరంలో ఒక నిండుతనం ఉంటుంది.

ఇప్పుడు మీ మాస్టారు టిక్కు పెట్టిన రెండు వాక్యాలు. 'వచ్చే జూన్‌లో మళ్ళీ ఉత్తరం రాస్తాను' అన్నది సరే. రెండోదే నన్ను ఆపేసింది. 'ఆమెకు ఇప్పుడు డెబ్బై ఏళ్ళుంటాయి' అనడానికి 'తెంద్రా సెతేంత ఆన్యొస్' అని రాశారు. పక్కన మీరే 'ఇది సరైనదైతే ఎందుకు సరైనదో నాకు తెలియలేదు, ఇప్పటి వయసు కదా' అని రాసుకున్నారు. మీ చెవి మీకు చెప్పింది. స్పానిష్ భవిష్యత్ రూపానికి రెండో బతుకు ఉంది. ఇప్పటి సంగతినే ఊహించి చెప్పడానికి దాన్ని వాడతారు. ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళకు ఇది కొరుకుడు పడదు. మనకు పుట్టుకతో వచ్చింది. 'నాన్న ఈపాటికి చేనులో ఉంటారు' అంటాం, చూసి చెప్పడం లేదు, అనుకుని చెబుతున్నాం. స్పానిష్‌లో 'ఎస్తరా ఎన్ ఎల్ కాంపొ'. తలుపు చప్పుడైతే 'ఎవరై ఉంటారు?' అంటాం, వాళ్ళు 'కియేన్ సెరా?' అంటారు. మీరు అనంతపురంలో రాత్రి ఎనిమిదింటికి ఉత్తరం రాస్తూ 'అక్కడ ఎన్ని గంటలై ఉంటుందో' అనుకుంటే 'కే ఓర సెరా?'. శీతకాలమైతే స్పెయిన్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి జవాబు 'సెరాన్ లస్ త్రేస్ ఇ మేదియ', మూడున్నర అయి ఉంటుంది.

జరిగిపోయినదాని మీద ఊహ అయితే పోలిక ఇంకా దగ్గరగా ఉంటుంది. 'ఉత్తరం అందుకుని ఉంటారు' అనే వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. 'అందుకుని'కి 'రెసిబీదొ', 'ఉంటారు'కు 'అబ్రా'. వరుస ఒక్కటి తిప్పి 'అబ్రా రెసిబీదొ ల కార్త' అంటే అయిపోయింది. కాబట్టి తెలుగులో 'ఉంటారు', 'ఉంటుంది' అని ఊహగా వచ్చినచోట వెనక్కి తగ్గకండి. 'రోజూ ఆరింటికి బడిలో ఉంటాను' అనేది మాత్రం ఊహ కాదు, అలవాటు. మొదట చెప్పిన పరీక్షను అక్కడ మరవకండి.

సంబోధన గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భవిష్యత్ రూపం దాన్నిబట్టి మారుతుంది. మన 'మీరు' గౌరవానికీ, పదిమందికీ ఒక్కటే. స్పెయిన్‌లో అది చీలుతుంది. ఒక్కరికి గౌరవంగా 'ఉస్తేద్', దానికి 'ఆమె' రూపమే: 'ఉస్తేద్ ఎస్క్రిబిరా'. ఆవిడనూ ఆవిడ భర్తనూ కలిపి చనువుగా పిలిస్తే 'బొసోత్రొస్', అప్పుడు 'ఎస్క్రిబిరేయిస్'. లాటిన్ అమెరికాలో ఈ చివరిది మాటల్లో వినపడదు, అక్కడ 'ఉస్తేదెస్ ఎస్క్రిబిరాన్' అంటారు. స్పెయిన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళను కూడా 'నువ్వు' అనడం మామూలే, దాన్ని అమర్యాదగా తీసుకోరు. అయినా మొదటి ఉత్తరంలో 'ఉస్తేద్' అనే రాయండి. మిమ్మల్ని చదివించిన మనిషిని 'నువ్వు' అనడానికి మీ చేయి ఆడదు, ఆడనక్కర్లేదు. ఆమె జవాబులో 'నన్ను తూ అని పిలువు' అంటే అప్పుడు మార్చుకోండి. 'మనం', 'మేము' అనే తేడా అక్కడ లేదు, రెంటికీ 'ఏమొస్' ఒక్కటే. 'ఇరేమొస్ అ లేపాక్షి' అని ఊరికే రాస్తే ఆవిడనూ కలుపుకుని అంటున్నారో, మీ ఇంటివాళ్ళ సంగతి చెబుతున్నారో తెలియదు. ఆమెను కలుపుకోవాలంటే 'కొన్ ఉస్తేద్' అని చేర్చండి.

స్పానిష్ నేర్చుకుంటున్నానంటే ఊళ్ళో కొందరు ఎందుకని అడుగుతున్నారని ఉత్తరం చివర రాశారు. అనంతపురంలో ఆ ప్రశ్నకు చోటు లేదు. బార్సిలోనాలో పుట్టి, పేదల కోసం పనిచేసిన విసెంతె ఫెర్రెర్ 1969లో ఈ జిల్లాకు వచ్చి 2009లో ఇక్కడే కన్నుమూశారు. ఆ నలభై ఏళ్ళలో ఈ నేలకూ స్పెయిన్‌కూ మధ్య వేల ఇళ్ళ మీదుగా రాకపోకలు ఏర్పడ్డాయి. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫాయెల్ నదాల్ పేరుతో ఉన్న సంస్థ 2010లో ఇక్కడ టెన్నిస్ బడి తెరిచిందంటే అది ఆ దారినే వచ్చింది. ఆ రాకపోకల్లో ఇన్నాళ్ళూ మన పిల్లల మాటలను మధ్యవారు మోశారు. మీరు సొంత చేత్తో రాస్తున్నారు. అడిగినవారికి ఈ ఒక్కటి చెప్పండి, చాలు.

ఉత్తరం ముగించడానికి మీరు రాసుకున్న వాక్యం కొంచెం పొడిగా ఉంది. దాని బదులు 'ఎస్పెరరే సు రెస్పువేస్త' అని రాయండి, మీ జవాబు కోసం ఎదురుచూస్తాను అని. 'ఎస్పెరార్' అంటే ఎదురుచూడటం, ఆశపడటం రెండూ. అది పూర్తిగా నియమం ప్రకారం నడిచే క్రియ, మీకు వచ్చిన తోకే దానికీ. చివరి 'ఏ' మీద వాలుగీత పెట్టడం మరవకండి.